డీజిల్ మీటర్ ఫుల్ చూపిస్తుండగానే నది మధ్యలో ఇంజిన్ ఆగిపోయింది, తప్పు ఎక్కడుంది?

పున్నమిఘాట్ కుర్రోడు:

అన్నలందరికీ నమస్కారం. మాది విజయవాడ, భవానీపురం. నాన్నకి ఇరవై నాలుగు అడుగుల ఫైబర్ బోటు ఉంది, లోపల డీజిల్ ఇంజిన్, కాళ్ల కింద పలక ఎత్తితే 120 లీటర్ల అల్యూమినియం ట్యాంక్. 2024 సెప్టెంబర్‌లో కృష్ణకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది కదా, అప్పుడు బోటుని ఎలాగోలా గట్టుకి చేర్చుకున్నాం గానీ డ్యాష్‌బోర్డు దాకా బురదనీళ్లు ఎక్కాయి. తర్వాత ఇంజిన్ బాగు చేయించి, పోయిన మీటర్లన్నీ కొత్తవి వేయించాం. డీజిల్ మీటర్ కూడా అప్పుడే మారింది. ట్యాంకులో డీజిల్ మీద తేలుతూ మట్టం చెప్పే ఫ్లోట్ మాత్రం పాతదే, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

నాన్న ఎప్పుడూ మీటర్ చూడడు. పొద్దున్నే ట్యాంక్ మూత తీసి వెదురుబద్ద దించి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి అరవై, డెబ్బై లీటర్ల దగ్గర ఉండేలా పోసుకుంటాడు. పోయిన వారం ఆయనకి జ్వరం, నాలుగు రోజులు నేనే తిప్పాను. ముల్లు ఫుల్ గుర్తు ఎఫ్ దగ్గర ఉంది కదా అని డీజిల్ పోయలేదు. ఆదివారం తొమ్మిది మంది ఎక్కారు, అందులో ఇద్దరు చిన్నపిల్లలు. భవానీ ద్వీపం దాటి ఎగువకి వెళ్తుంటే ఇంజిన్ రెండుసార్లు దగ్గినట్టు చేసి ఆగిపోయింది. మూత తీసి చూస్తే ట్యాంక్ అడుగున ఇంత తడి, అంతే. ముల్లు మాత్రం ఎఫ్ దాటి పైన నిలబడి ఉంది.

ఆ రోజు బ్యారేజీ గేట్లు మూసి ఉన్నాయి, నీళ్లకి లాగుడు లేదు. లంగరు వేసి అరిస్తే వేరే బోటు వాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. గేట్లు ఎత్తి ఉన్న రోజైతే ఏమయ్యేదో ఆలోచిస్తేనే రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

అసలు నాకు అర్థం కానిది ఇది. మర్నాడు 60 లీటర్లు పోస్తే ముల్లు సరిగ్గా మధ్యకి వచ్చింది. బాగానే ఉందనుకుని మూత దాకా నింపాను, అప్పుడు ముల్లు ఇంకా కిందకి దిగి పావు దగ్గరికి పోయింది! పైగా ఆగిపోకముందు ఇంజిన్ నడుస్తుంటే ముల్లు అటూ ఇటూ ఊగేది. ఒక మెకానిక్ మీటర్ పోయింది మార్చాలంటాడు, ఇంకొకాయన ఫ్లోట్ పోయింది, ట్యాంక్ విప్పాలంటాడు. రెండూ కొనే డబ్బు ఇప్పుడు లేదు. దేన్ని నమ్మాలి?

ఆటోనగర్ వైరింగ్:

తమ్ముడూ, ముందు ఎవరూ ఏదీ విప్పకండి, కొనకండి. నువ్వు చివర్లో రాసిన మాటలోనే సగం జవాబు ఉంది. పోసేకొద్దీ ముల్లు దిగుతోంది అంటే మీటర్‌కీ ఫ్లోట్‌కీ జోడీ కుదరలేదని నా అనుమానం. అనుమానంతో పని చేయకూడదు కాబట్టి ఒక మల్టీమీటర్ తెచ్చుకో, గవర్నర్‌పేట ఎలక్ట్రానిక్స్ షాపుల్లో మామూలుది చాలు.

మీటర్ వెనక మూడు బోల్టులుంటాయి. ఐ అని ఉన్నదానికి తాళం తిప్పితే కరెంటు వస్తుంది, జి అనేది ఎర్త్, ఎస్ అనేది ట్యాంకులోని ఫ్లోట్ నుంచి వచ్చే వైరు. బోట్లలో ఆ ఎస్ వైరు ఎక్కువగా గులాబీ రంగులో ఉంటుంది, మధ్యలో ఎవరన్నా మార్చి ఉంటే వేరే సంగతి. ముందు తాళం ఆన్ చేసి ఐకీ జికీ మధ్య ఎన్ని వోల్టులు వస్తున్నాయో చూడు. 12 దాటి ఉండాలి. ఆ మీటర్ 12 వోల్టులదేనా అన్నది కూడా చూడు, మా దగ్గర లారీలకని 24వి అమ్ముతారు, పైకి రెండూ ఒకేలా ఉంటాయి.

తర్వాత తాళం ఆఫ్ చేసి ఎస్ వైరు ఊడదియ్, మళ్లీ ఆన్ చేసి ముల్లు ఎటు పోయిందో చూసి రాయి. మళ్లీ ఆఫ్ చేసి, ఎస్ బోల్టుకీ జి బోల్టుకీ చిన్న వైరు ముక్క కలిపి ఆన్ చేసి ముల్లు ఎటు పోయిందో చూడు. ఈ పనంతా డ్యాష్‌బోర్డు దగ్గరే చెయ్యి, ట్యాంక్ దగ్గర వైర్లు తాకించకు. నీది డీజిలే అయినా అలవాటు అలవాటే.

ఈ రెండింటితో మీటర్ బతికుందో లేదో తేలిపోతుంది, అది ఏ రకమో కూడా తెలుస్తుంది. ఆ తర్వాత ఫ్లోట్ ఓంలు, అంటే కరెంటుకి అది ఎంత అడ్డుపడుతోందో, కొలుద్దాం. పాత మీటర్ పారేయకపోతే దాని వెనక ఏమని రాసి ఉందో కూడా చూడు.

గుంటూరు మెరైన్:

మీటర్ తలకిందులుగా చూపిస్తుంటే ఎస్ వైరు మధ్యలో కరెంటుని అడ్డుకునే రెసిస్టర్ ఒకటి వేస్తే సరిపోతుంది, నేను మోటార్ సైకిల్‌కి అలాగే సర్దాను. వంద రూపాయలు కూడా కాదు.

ఆటోనగర్ వైరింగ్:

గుంటూరు అన్నా, ముల్లు కాస్త ఎక్కువో తక్కువో చూపిస్తుంటే రెసిస్టర్‌తో కొంత సర్దొచ్చు. ఇక్కడ దిశే తిరగబడింది. వరసలో రెసిస్టర్ వేస్తే ఓంలు పెరుగుతాయంతే, పెరగాల్సిన చోట తగ్గవు. ఖాళీ ట్యాంకుకి ముల్లు కొంచెం కిందకి రావచ్చు, నిండు ట్యాంకుకి ఇంకా కిందకి పోతుంది. జనం ఎక్కే బోటులో అలాంటి సర్దుబాటు వద్దు, చేయి పట్టుకుని చెబుతున్నా.

పున్నమిఘాట్ కుర్రోడు:

అన్నా, ఈరోజు చేశాను. ఐకీ జికీ మధ్య 12.4 వోల్టులు వచ్చింది. మీటర్ 12 వోల్టులదే. ఎస్ వైరు ఊడదీస్తే ముల్లు ఖాళీ గుర్తు 'ఈ' కన్నా కిందకి పడిపోయింది. ఎస్‌నీ జినీ కలిపితే ఎఫ్ దాటి పైకి లేచింది.

పాత మీటర్ సామాన్ల గోతంలో దొరికింది. వెనకంతా ఎండిన బురద, తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే 10-180 అన్న అంకెలు బయటపడ్డాయి. కొత్త దాని వెనక 240-33 అని ఉంది. ఈ అంకెలేంటన్నా?

ఆటోనగర్ వైరింగ్:

దొరికిపోయింది తమ్ముడూ. మీ కొత్త మీటర్ చెడిపోలేదు, దాని పని అది సరిగ్గానే చేస్తోంది. అది మీ ట్యాంకు కోసం పుట్టిన మీటర్ కాదు.

ట్యాంకులో ఉండే ఫ్లోట్ నిజానికి ఒక రెసిస్టర్. డీజిల్ పెరిగినా తరిగినా దాని ఓంలు మారతాయి, మీటర్ ఆ ఓంలని చదివి ముల్లుని తిప్పుతుంది. బోట్లలో ఎక్కువగా కనిపించేవి రెండు పద్ధతులు. అమెరికా పద్ధతిలో ట్యాంక్ ఖాళీగా ఉంటే 240 ఓంలు, నిండితే 33. యూరప్ పద్ధతిలో ఖాళీకి 10 ఓంలు, నిండుకి 180. అంటే ఒకదానిలో డీజిల్ పెరిగితే ఓంలు తగ్గుతాయి, రెండోదానిలో డీజిల్‌తో పాటు ఓంలూ పెరుగుతాయి. నీ ఫ్లోట్ యూరప్ రకం, కొత్తగా వేసిన మీటర్ అమెరికా రకం. అందుకే ట్యాంక్ అడుగంటి ఫ్లోట్ 10 ఓంలు పంపితే మీటర్ దాన్ని నిండుగా చదివింది. నువ్వు మూత దాకా పోసి 180 పంపితే పావు లోపు అనుకుంది.

ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తెలియలేదో కూడా ఇందులోనే ఉంది. సగం ట్యాంక్ దగ్గర యూరప్ ఫ్లోట్ 95 ఓంల దగ్గర ఉంటుంది, అమెరికా మీటర్‌కి సగం అంటే 103 దగ్గర. రెండూ దాదాపు ఒకటే! మీ నాన్న రోజూ అరవై డెబ్బై లీటర్లకి సర్దేవాడు కాబట్టి బిగించినవాడు చూసినా, నువ్వు చూసినా ముల్లు మధ్యలోనే, నిజమే చెప్పేది. ఆయన మంచం పట్టిన నాలుగు రోజుల్లో సగం దాటి కిందకి పోయారు, అక్కడి నుంచి అది అబద్ధం చెప్పడం మొదలెట్టింది. ఇలాంటి తప్పు అంటే నాకు అందుకే భయం. పూర్తిగా చచ్చిపోయిన మీటర్‌ని ఎవరూ నమ్మరు.

ఇంకా ఆ ఊగుడు సంగతి మిగిలింది. అది జోడీ తప్పు వల్ల రాదు, ఎక్కడో లూజ్ ఉంది. బ్యాటరీ స్విచ్ ఆపేసి, మీటర్ దగ్గర ఊడదీసిన గులాబీ వైరుకీ జి వైరుకీ మధ్య ఓంలు కొలువు, మల్టీమీటర్ 200 ఓంల దగ్గర పెట్టి. తర్వాత పలక ఎత్తి ట్యాంక్ మీద ఫ్లోట్ బోల్టుకీ ఫ్లోట్ తాలూకు ఇనుప బిళ్లకీ మధ్య నేరుగా కొలువు. రెండూ ఒకటే రావాలి. తేడా ఉంటే ఆ తేడా వైర్లలో ఉన్నట్టు.

ఇబ్రహీంపట్నం సరంగు:

బాబూ, వీళ్లు కరెంటు సంగతి చెబుతున్నారు, నేను నీళ్ల మీద సంగతి చెబుతా. ముప్పై ఏళ్లు లంకలకి బోటు నడిపాను, రైతుల్నీ ఎరువు బస్తాల్నీ అరటి గెలల్నీ దాటించాను. మీ నాన్న చేసే పనే సరైన పని. మీటర్ బాగుపడ్డాక కూడా ఆ బద్ద మానొద్దు.

ఒక్కటి మాత్రం చేసుకోండి. ట్యాంక్ ఈసారి ఖాళీ అయినప్పుడు బోటుని సమంగా నిలబెట్టి, పది లీటర్లు పోసి బద్ద దించి తడి ఉన్నచోట కత్తితో గీత పెట్టండి, మళ్లీ పది, మళ్లీ గీత. గీతలు సమంగా రావు, చూడండి. బోటు అడుగు వాలుకి తగ్గట్టు ట్యాంక్ కింద సన్నగా పైన వెడల్పుగా ఉంటుంది, అందుకని ఎత్తులో సగం ఉందంటే డీజిల్ సగం ఉన్నట్టు కాదు, అంతకన్నా తక్కువే ఉంటుంది. కింది సగం తొందరగా అయిపోతుంది. మీటర్‌కీ ఇదే వర్తిస్తుంది, ఎంత మంచి మీటరైనా అది ఎత్తే చూస్తుంది, లీటర్లు చూడదు. పైగా చివరి నాలుగైదు లీటర్లు పైపుకి అందవు, వాటిని లెక్కలోంచి తీసేయండి. ముక్కు పైకి లేచి పోతున్నప్పుడు డీజిల్ వెనక్కి చేరుతుంది, అప్పుడు ముల్లు చూడొద్దు, ఆగినప్పుడు చూడండి.

పోయేటప్పుడు మూడో వంతు, వచ్చేటప్పుడు మూడో వంతు, ఇంకో వంతు ఎప్పుడూ ట్యాంకులో ఉండాలి. ఎదురుగాలి వచ్చినా, ఎవరినన్నా లాక్కురావాల్సి వచ్చినా ఆ మూడో వంతే కాపాడుతుంది. 2017 నవంబర్‌లో పవిత్ర సంగమం దగ్గర బోటు బోల్తా పడి జనం పోయింది డీజిల్ వల్ల కాదు గానీ, ఆ రోజు రేవులో నిలబడి చూసినవాణ్ని. అప్పటినుంచి జనాన్ని ఎక్కించుకునే ముందు అన్నీ రెండుసార్లు చూసుకుంటాను. లైఫ్ జాకెట్ వేసుకోనివాణ్ని ఎక్కించను.

పూర్తిగా అడుగంటింది కాబట్టి పైపుల్లోకి గాలి పోయి ఉంటుంది. డీజిల్ పోయగానే సెల్ఫ్ కొడుతూ కూర్చుంటే బ్యాటరీ పోతుందే గానీ ఇంజిన్ అందుకోదు. ఫిల్టర్ మీద ఎయిర్ స్క్రూ కొంచెం వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉండు, నురగ నురగగా వస్తుంది, నురగ పోయి ధారగా డీజిల్ వచ్చాక స్క్రూ బిగించు. అప్పటికీ పట్టకపోతే ఇంజెక్టర్ పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి తీయాలి. ఫిల్టర్ కింద గిన్నెలో నీళ్లున్నాయేమో కూడా చూడు, అడుగున ఉన్న మడ్డి అంతా ఇప్పుడు లాగేసి ఉంటుంది.

పున్నమిఘాట్ కుర్రోడు:

బాబాయ్ గారూ, గాలి తీయడం మీరు చెప్పినట్టే అయింది, ఫిల్టర్ గిన్నెలో రెండు వేళ్ల ఎత్తు మడ్డి ఉంది, ఫిల్టర్ మార్చేశాను. నాన్న మీ మెసేజ్ చదివించుకుని విన్నాడు, గీతల సంగతి ఆయనకి బాగా నచ్చింది.

వైరింగ్ అన్నా, కొలిచాను. బద్ద లెక్క ప్రకారం ట్యాంకులో ముప్పై లీటర్ల దగ్గర ఉంది. ఫ్లోట్ దగ్గర నేరుగా కొలిస్తే 52 ఓంలు, కదలకుండా నిలబడింది. మీటర్ దగ్గర గులాబీ వైరు చివర కొలిస్తే 68, బోటు కాస్త ఊపితే 90 దాకా పోయి వస్తోంది. అంటే ఫ్లోట్ బాగున్నట్టేనా?

ఆటోనగర్ వైరింగ్:

బంగారంలా ఉంది. 120లో 30 అంటే పావు, యూరప్ ఫ్లోట్‌కి పావు దగ్గర 52 ఓంలు ఉండాలి. ట్యాంక్ విప్పక్కర్లేదు, విప్పమన్నవాళ్ల మాట వినకు. మధ్యలో 16 నుంచి 38 ఓంల దాకా వైర్లు తినేస్తున్నాయి. గులాబీ వైరు ఒక చివర నుంచి ఇంకో చివరకి కొలువు, ఫ్లోట్ బిళ్ల నుంచి బ్యాటరీ నెగటివ్ దాకా ఎర్త్ కూడా కొలువు. రెండింటిలోనూ ఒక ఓం లోపు రావాలి. నా పందెం ఎర్త్ మీద.

పెట్రోల్ బోటు, సీతానగరం:

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మాది చిన్న బోటు, బయట తగిలించే పెట్రోల్ మోటార్, లోపల పెట్రోల్ ట్యాంక్. మా ముల్లు ఎప్పుడూ 'ఈ' గుర్తు దగ్గరే పడుకుని ఉంటుంది. ఈ కొలతలే నేనూ చేయొచ్చా?

ఆటోనగర్ వైరింగ్:

చేయొచ్చు గానీ పెట్రోల్‌తో పద్ధతి వేరు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, పైకి పోదు, బోటు అడుగున చేరి కూర్చుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. పలకలన్నీ ఎత్తి బాగా గాలి ఆడనిచ్చి, ముక్కుకి వాసన లేదని తేలాక, బ్యాటరీ వైరు ఊడదీసి అప్పుడు ట్యాంక్ దగ్గరకి పో. కరెంటు ఆన్ చేసి చేసే పరీక్షలు మీటర్ దగ్గర మాత్రమే చెయ్యి, ట్యాంక్ దగ్గర ఎంత తొందరున్నా చేయకు. బీడీలు, ఫోన్ ఛార్జర్లు గట్టు మీదే వదిలెయ్. మీ మీటర్ కూడా 240-33 రకమైతే, ముల్లు ఎప్పుడూ 'ఈ' దగ్గరే ఉందంటే వైరు తెగినట్టు ఉండొచ్చు, లేదా ఫ్లోట్‌లోకి పెట్రోల్ దిగి మునిగిపోయి ఉండొచ్చు. పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, అది తేమ పీలుస్తుంది, పాత రబ్బరు వాషర్లకీ మంచిది కాదు. ఫ్లోట్ తీయాల్సి వస్తే కొత్త వాషర్ లేకుండా మూయకు. ఐదు స్క్రూల రకమైతే రంధ్రాల్లో ఒకటి కావాలనే పక్కకి ఉంటుంది, ఒక్క వైపే కూర్చుంటుంది, బలవంతంగా తిప్పి బిగించకు.

పున్నమిఘాట్ కుర్రోడు:

అన్నా మీరే గెలిచారు. గులాబీ వైరు 0.5 ఓం. ఎర్త్ వైరు 15 నుంచి 40 మధ్య ఆడుతోంది. ఫ్లోట్ దగ్గర దాని టెర్మినల్ చూస్తే పైకి నల్లటి టేపు చక్కగా చుట్టి ఉంది, టేపు విప్పితే లోపల రాగి అంతా పచ్చగా చిలుము పట్టి, వేళ్లతో నలిపితే పొడి రాలింది. పీచుల్లో రెండో మూడో పట్టుకుని ఉన్నాయి అంతే. వరద నీళ్లు టేపు లోపల ఉండిపోయినట్టున్నాయి.

దాన్ని అంతా కోసేసి, కళాయి పూసిన రాగి వైరు కొత్తది ఫ్లోట్ బిళ్ల నుంచి నేరుగా ఎర్త్ బోల్టు దాకా లాగాను. టెర్మినళ్లు నొక్కి పైన వేడికి ముడుచుకునే గొట్టం వేశాను. మీటర్ ఏం చేయాలి, 240-33 ఫ్లోట్ కొని ఈ మీటర్‌కి జోడించాలా, 10-180 మీటర్ కొనాలా?

ఆటోనగర్ వైరింగ్:

మీటరే మార్చు. ఫ్లోట్ బాగుంది, ట్యాంక్ మీద ఫ్లోట్ బిళ్ల ఒకసారి విప్పామంటే లీకు భయం కొత్తగా మొదలవుతుంది. షాపులో అడిగేటప్పుడు బోటు మీటర్ కావాలి అని కాదు, 10-180 ఓంలు, 12 వోల్టులు అని అడుగు, వెనక అంకెలు చూశాకే డబ్బివ్వు. కొన్నింటికి వెనక చిన్న స్విచ్ ఉంటుంది, రెండు పద్ధతుల్లో ఏదైనా పెట్టుకోవచ్చు, అలాంటిది దొరికితే ఇంకా మంచిది. తిరిగి తీసుకుంటారేమో అడిగి చూడు, నువ్వు వాడింది తప్పు జోడీయే గానీ మీటర్ చెడిపోలేదు కదా.

పున్నమిఘాట్ కుర్రోడు:

10-180 మీటర్ బిగించాను. ఆ 240-33 మీటర్‌ని షాపువాళ్లు తిరిగి తీసుకోలేదు, పర్లేదు, దాచి పెట్టాను. నిన్న సాయంత్రం నాన్న లేచి రేవుకి వచ్చాడు, బోటుని గట్టు పక్కన సమంగా కట్టి, ఉన్న డీజిల్ డబ్బాల్లోకి తీసేసి, మళ్లీ పదేసి లీటర్లు పోస్తూ నేను ముల్లు చూసి చెప్పడం, ఆయన బద్ద మీద గీత పెట్టడం. పది లీటర్లకి ముల్లు దాదాపు 'ఈ' గుర్తు మీదే ఉంది. మొదటి గీతకీ రెండో గీతకీ మధ్య నాలుగు వేళ్లు వచ్చింది, చివరి రెండు గీతల మధ్య రెండు వేళ్లు కూడా రాలేదు. సరంగు బాబాయ్ గారు చెప్పింది కళ్లారా చూశాం. ముల్లు సగం మీదకి వచ్చేసరికి పోసింది 48 లీటర్లే. అది ఒక తెల్ల కాగితం మీద రాసి మీటర్ పక్కన అంటించాను, పావుకి ఎంత, సగానికి ఎంత, ముప్పావుకి ఎంత అని. ఇంజిన్ నడుస్తున్నా ముల్లు ఊగడం లేదు.

మా పక్కన కట్టే బోటు వాళ్లు కూడా వరద తర్వాత మీటర్లు మార్పించారట. వాళ్లకీ ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుందని ఇందాక మాటల్లో అన్నారు. రేపు పొద్దున్న ఆరింటికి, వాళ్లు జనాన్ని ఎక్కించకముందే, మల్టీమీటర్ పట్టుకుని వాళ్ల బోటులోకి వెళ్తున్నాను. కొలతలు ఇక్కడే పెడతాను, చూసి చెప్పండి అన్నా.